రోహిణి కార్తెకు ముందే: పెద్ద కెమెరాలో సినిమా ఫిల్మ్ వాడేవాళ్ళకు జాగ్రత్తలు

పోయిన నెల మా బల్లార్షా కుర్రాడొకడు 65 ఎంఎం సినిమా ఫిల్మ్ ముక్కలు నాలుగు, పెద్ద కెమెరాకి తగిలించే 4×5 అంగుళాల ఫిల్మ్ హోల్డర్లలో పెట్టి, వర్ధా ఒడ్డున కోట ఫోటోలు తీశాడు. ఆ ముక్కలు సిటీలో ఒక ల్యాబ్‌కి ఇచ్చి, "కలర్ నెగటివ్" అని మాత్రం చెప్పి వచ్చేశాడు. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. ఫిల్మ్ కడిగే డెవలపర్ ట్యాంకు నిండా నల్లటి మడ్డి. అదే ట్యాంకులో ఉన్న ఎవరిదో పెళ్ళి నెగటివ్‌ల మీద కూడా ఆ మసి అతుక్కుపోయింది. కెమికల్ అంతా పారబోశారు. డబ్బు ఈ పిల్లాడు కట్టాడు. ఆ పెళ్ళి ఫోటోలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఇలాంటిది నేను చూడటం ఇది మూడోసారి. అందుకే రాస్తున్నాను. లైట్ మీటరు, ట్రైపాడ్ సంగతులు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఆ మడ్డి పేరు రెమ్‌జెట్. కోడాక్ విజన్3 లాంటి సినిమా కలర్ నెగటివ్‌కి వీపు వైపు పూస్తూ వచ్చిన నల్లటి కార్బన్ పొర అది. ఫిల్మ్ దాటి వెళ్ళిన వెలుతురు వెనక్కి తిరిగొచ్చి దీపాల చుట్టూ ఎర్రటి వలయం కట్టకుండా ఆపుతుంది. కెమెరాలో ఫిల్మ్ పరుగెత్తేటప్పుడు గీతలు, స్టాటిక్ రాకుండా కూడా చూస్తుంది. సినిమా ల్యాబ్‌లో చేసే ఇసిఎన్-2 ప్రాసెస్‌లో మొట్టమొదటి స్నానం దీన్ని వదిలించడానికే. మామూలు కలర్ నెగటివ్‌లకి స్టూడియోలు చేసే సి-41 ప్రాసెస్‌లో అలాంటి మెట్టే లేదు. అందుకని ఆ పొర ఊడి నేరుగా డెవలపర్‌లో కలుస్తుంది. ల్యాబ్‌కి చెప్పకుండా ఇవ్వొద్దు.

2025లో కోడాక్ రెమ్‌జెట్ లేని విజన్3 తేవడం మొదలుపెట్టింది. దాంతో "ఇప్పుడన్నీ కొత్తవే కదా" అనే ధైర్యం వచ్చింది కొందరికి. రీలు కోసి ముక్కలుగా అమ్మేవాళ్ళ దగ్గర ఏది ఉందో ఎవరు చెప్తారు? మీరే చూసుకోండి. వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో దూది తడిపి, రీలు చివర పనికిరాని రెండంగుళాల ముక్క వీపు మీద రుద్దండి. దూది కాటుక పెట్టినట్టు నల్లగా అయితే రెమ్‌జెట్ ఉన్నట్టే.

హోల్డర్‌లో పెట్టేటప్పుడు జరిగే తప్పు ఇంకొకటి ఉంది. పెద్ద కెమెరా కోసం విడి ముక్కలుగా వచ్చే షీట్ ఫిల్మ్‌కి అంచున నోచ్, అంటే చిన్న గాటు ఉంటుంది, చీకట్లో వేలితో తడిమితే ఏ వైపో తెలుస్తుంది. సినిమా ఫిల్మ్‌కి అది ఉండదు. మామూలు ఫిల్మ్ తిరగేసి పెడితే ఎర్రగానో, ఎలాగో ఒక బొమ్మ పడుతుంది. రెమ్‌జెట్ ఫిల్మ్ తిరగేస్తే ఆ నలుపు వెలుతురునే ఆపేస్తుంది, ఏమీ పడదు. కోసిన వెంటనే ఒక మూల కత్తెరతో చిన్న గాటు పెట్టండి. అన్ని ముక్కలకీ అదే మూల. అనుమానం వస్తే తడి పెదవికి అంచు తాకించండి, అంటుకున్న వైపే ఎమల్షన్, అంటే బొమ్మ పడే పూత.

65 ఎంఎం అంటే వెడల్పు రెండున్నర అంగుళాలే. హోల్డర్ పట్టాల్లో ఒక అంచు కూర్చుంటుంది, రెండోది గాల్లో ఉంటుంది. పాడైన షీట్ ఒకటి అడుగున పెట్టి, దాని మీద రెండు చివర్లా డబుల్ టేప్‌తో అతికించండి. ఇది షీట్ ఫిల్మ్ కంటే పలుచన. ఎండకి కాగిన హోల్డర్‌లో ఉబ్బి ఫోకస్ పోగొడుతుంది.

ఇక మన ఎండలు. చంద్రపూర్, బల్లార్షాల్లో మే నెలలో 45 దాటడం మామూలే, రోహిణి కార్తెలో మేడ మీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు. ఇంట్లో ప్రాసెస్ చేసేవాళ్ళు రెమ్‌జెట్ తీయడానికి ఆ నీళ్ళే వాడేస్తున్నారు. వద్దు. వేడికి ఎమల్షన్ ఉబ్బి మెత్తబడుతుంది, వేలు తగిలితే చాలు గీత. కోడాక్ చెప్పే ముందు స్నానం 27 డిగ్రీల దగ్గర, 10 సెకన్లు. లీటరుకి వెలిగారం 20 గ్రాములు, సోడియం సల్ఫేట్ 100 గ్రాములు, కాస్టిక్ సోడా 1 గ్రాము. ఎమల్షన్ ఉబ్బకుండా చూసేది ఆ సల్ఫేటే, దాన్ని మానేయకండి. తర్వాత వచ్చే కలర్ డెవలపర్ 41 డిగ్రీలు, 3 నిమిషాలు. ఈ రెండు వేడీ ఒకటే అనుకోవద్దు.

రుద్దడం వీపు వైపే. ఎమల్షన్ వైపు దూది తాకకూడదు.

రెమ్‌జెట్ పోయేదాకా నీళ్ళు మార్చండి, నీళ్ళు తేటపడ్డాకే డెవలపర్ పోయండి.

గ్లవ్స్ లేకుండా కలర్ డెవలపర్ ముట్టొద్దు. చర్మానికి అలర్జీ వస్తుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా వెంటనే తెరవొద్దు, చెమ్మ పడుతుంది.

చీకట్లో టేపు సర్రున లాగొద్దు. ఈ పొడి గాలికి జిగురు దగ్గర మెరుపు పుడుతుంది, అది ఫిల్మ్ మీద పడుతుంది.

చేంజింగ్ బ్యాగ్, అంటే వెలుతురు పడకుండా ఫిల్మ్ మార్చే సంచి, దులపండి. బొగ్గు దుమ్ము మన ఊళ్ళో ఎక్కడైనా ఉంటుంది.

లోడ్ చేసిన హోల్డర్లు బండి డిక్కీలో వదలొద్దు. పది నిమిషాలకి కూడా.

పాత టాకీసు గదిలో దొరికిన డబ్బా ఇంటికి తేవొద్దు. 1950ల ముందు నాటి 35 ఎంఎం నైట్రేట్, అంటే తేలిగ్గా అంటుకునే పాత రకం ఫిల్మ్ అయి ఉండొచ్చు. బాగా కుళ్ళిన నైట్రేట్ 40 డిగ్రీల వేడిలో రోజుల తరబడి ఉంటే తనంతట తానే అంటుకోగలదు. అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు, పొగ విషం.

ల్యాబ్‌కి చెప్పకుండా ఇవ్వొద్దు. వాళ్ళు "మేం చేయం" అంటే తిరిగి తెచ్చుకోండి, బతిమాలొద్దు. ఫోన్లో "పంపండి" అన్నాక కూడా కవరు మీద పెద్ద అక్షరాల్లో రాయండి: సినిమా ఫిల్మ్, రెమ్‌జెట్ ఉంది, ఇసిఎన్-2 మాత్రమే. లోపల ప్రతి ముక్క కవరు మీదా మళ్ళీ రాయండి. ఫోన్ ఎత్తేవాళ్ళు ఒకరు, చీకటి గదిలో ట్యాంకులో వేసేవాళ్ళు ఇంకొకరు.