హార్ట్ ఫెయిల్యూర్ మందులు వాడుతున్నా ఆయాసం తగ్గడం లేదా? ఐరన్ లెక్క కట్టి చూడండి

సమస్య

మందులన్నీ సరైన డోసులో పడుతున్నాయి. కాళ్ల వాపు దిగింది, బరువు పెరగడం లేదు. అయినా ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేచేసరికే నీరసం. హిమోగ్లోబిన్ 13.2 ఉంది కదా, రక్తహీనత లేదు కదా అని ఐరన్ సంగతి అక్కడితో వదిలేస్తారు. పొరపాటు జరిగేది అక్కడే. హిమోగ్లోబిన్ పడిపోవడానికి చాలా ముందే ఐరన్ అడుగంటుతుంది. గుండె కండరానికీ కాళ్ల కండరాలకూ శక్తి తయారయ్యేది మైటోకాండ్రియాలో, దానికీ ఐరన్ కావాలి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ లోపం ఉంటుంది.

ముందు చేయించాల్సిన పరీక్ష

ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), సీరం ఐరన్ (రక్తంలో తిరుగుతున్న ఐరన్), టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఐరన్ మోయగలదో) మూడూ ఒకే శాంపిల్‌లో, పొద్దున్నే పరగడుపున. ఐరన్ మాత్ర వేసుకుని వెళ్తే సీరం ఐరన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఫెరిటిన్ ఒక్కటే రాయించుకుని వస్తే సగం పనే అయినట్టు.

మోసం చేసేది: "నార్మల్" ఫెరిటిన్

చాలా ల్యాబుల్లో మగవాళ్లకు ఫెరిటిన్ పరిధి 30 నుంచి 400 దాకా వేస్తారు. 180 వస్తే రిపోర్టులో ఏ గుర్తూ పడదు, ఎవరి కన్నూ ఆగదు. కానీ ఫెరిటిన్ నిల్వను బట్టే కాదు, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట లాంటి ప్రతిచర్య) వల్ల కూడా పెరుగుతుంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఆ ఇన్‌ఫ్లమేషన్ లోలోపల రగులుతూనే ఉంటుంది. దాంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది పేగు నుంచి ఐరన్‌ను రక్తంలోకి రానివ్వదు, నిల్వ కణాల్లో ఉన్నదాన్ని బయటికి పోనివ్వదు. గాదెలో గింజలున్నా తాళం పడితే పొయ్యి మీదికి రావు కదా, అదీ పరిస్థితి.

అందుకే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చూడాలి, అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో. రిపోర్టులో లేకపోతే మీరే కట్టుకోండి: సీరం ఐరన్‌ను టీఐబీసీతో భాగించి 100తో గుణించాలి. ఐరన్ 48, టీఐబీసీ 320 అయితే 15 శాతం. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం పెట్టిన కొలత ఇది: ఫెరిటిన్ 100 లోపు ఉంటే లోపమే. 100 నుంచి 299 మధ్య ఉండి శాచురేషన్ 20 శాతం లోపు ఉన్నా లోపమే. అంటే పైన చెప్పిన 180, శాచురేషన్ 15 శాతం ఉన్నప్పుడు నార్మల్ కాదు.

పరిష్కారం

మాత్రలతో కాలం వృథా చేయకండి. రోజుకు రెండుసార్లు 150 మి.గ్రా. చొప్పున 16 వారాలు ఇచ్చి చూసిన ట్రయల్‌లో (2017) నడక సామర్థ్యం పెరగలేదు. హెప్సిడిన్ తలుపేసి కూర్చుంటే మాత్ర ఎంత మింగినా లోపలికి పోయేది కొంచెమే.

గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు పనిచేసేది నరం ద్వారా ఇచ్చే ఐరన్. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే బరువు, హిమోగ్లోబిన్ చూసి డాక్టర్ డోసు కడతారు. వారానికి 1000 మి.గ్రా. మించి ఇవ్వరు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉంటే అవి తగ్గేదాకా ఆగాలి. ఎక్కించేటప్పుడు సూది చోట మంటగా ఉంటే వెంటనే చెప్పండి. మందు నరం బయటికి జారితే గోధుమరంగు మరక నెలల తరబడి పోదు. అయ్యాక అరగంట అక్కడే ఉండాలి. తర్వాతి వారాల్లో ఎముకల నొప్పి, కొత్తగా నీరసం వస్తే రక్తంలో ఫాస్ఫేట్ పరీక్ష చేయించండి, ఈ మందు దాన్ని తగ్గిస్తుంది.

నాలుగు వారాల్లోపు మళ్లీ పరీక్ష చేయిస్తే ఫెరిటిన్ అబద్ధం చెబుతుంది. 12 వారాలకు చేయించండి. మళ్లీ పడిపోతే కారుతున్న చోటు వెతకాలి: ఆస్పిరిన్ గానీ రక్తం పలచబరిచే మందు గానీ వాడేవాళ్లకు కడుపులోనో పేగులోనో సన్నగా రక్తం పోతుండవచ్చు. మలం నల్లగా వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి.

ఐరన్ కాకుండా, అరుదైనవి

సెలీనియం లోపంతో గుండె దెబ్బతినే కేషాన్ జబ్బు చైనాలో నేలలోనే సెలీనియం తక్కువున్న ప్రాంతాలది. కోబాల్ట్ ఎక్కువై గుండె దెబ్బతినడం గురించి లోహపు తుంటి కీలు ఉన్నవాళ్లే ఆలోచించాలి. జింక్ మాత్రలు రోజుకు 50 మి.గ్రా. పైగా నెలల తరబడి మింగుతుంటే మాత్రం రాగి పడిపోయి రక్తహీనత వస్తుంది. ఆ డబ్బా డాక్టర్‌కు చూపించండి.