సాలిడ్ మోడల్ నుంచి చేతిలో పార్ట్ దాకా: వైజాగ్‌లో క్యాడ్ క్యామ్ నేర్చుకునేవాళ్లకి

ముందే చెప్తున్నా, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మోడల్ నుంచి మెషిన్‌కి కటింగ్ ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ వర్క్‌బెంచ్ కూడా అందులోనే ఉంది. మొదటి పార్ట్‌కి ఓ అల్యూమినియం బ్లాక్, అందులో ఒక పాకెట్ (పైనుంచి తొలిచే గుంట), నాలుగు హోల్స్ చాలు. స్కెచ్‌లో అన్ని కొలతలూ ఫిక్స్ చేశాకే సాలిడ్ చెయ్యండి, లేదంటే తర్వాత ఒక్క కొలత మార్చగానే మోడలంతా చెదిరిపోద్ది.

ఎక్కువమంది తడబడేది పాకెట్ మూలల దగ్గరే. స్క్రీన్ మీద మూల పదునుగా గీసేస్తారు, కానీ కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కదా, 10 ఎంఎం ఎండ్ మిల్ (పక్కలతోనూ కోసే కట్టర్) లోపలి మూలలో 5 ఎంఎం రేడియస్ వదిలేస్తుంది, అందుకే మోడల్‌లోనే 6 ఇచ్చెయ్యండి, కట్టర్ మూలలో వణక్కుండా సాఫీగా తిరిగిపోద్ది.

స్పీడ్ గుడ్డిగా పెట్టొద్దు. కటింగ్ స్పీడ్‌ని (కట్టర్ అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు కదలాలో అది) 1000తో గుణించి, 3.14తోనూ ఎంఎంలో కట్టర్ డయామీటర్‌తోనూ భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. అల్యూమినియంకి కార్బైడ్ కట్టర్‌తో నిమిషానికి 150 మీటర్లు అనుకుంటే 10 ఎంఎం కట్టర్‌కి దాదాపు 4,775. రఫింగ్‌లో, అంటే ముందు ముతకగా కోసేటప్పుడు, 0.3 ఎంఎం ఉంచి, చివరి సాఫీ కోతైన ఫినిషింగ్‌లో తీసెయ్యండి.

తర్వాత గాజువాక ఆటోనగర్ వెళ్లి ఏదైనా మెషిన్ షాపులో "అన్నా, మీ కంట్రోలర్ ఏంటి, వైస్ ఎంత తెరుచుకుంటది, ఏ కట్టర్లున్నాయి" అని అడగండి. కంట్రోలర్ అంటే మెషిన్‌ని నడిపే కంప్యూటర్, వైస్ అంటే బ్లాక్‌ని బిగించే పట్టు. ప్రోగ్రామ్‌ని ఆ కంట్రోలర్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చే పోస్ట్ ప్రాసెసర్‌ని కంట్రోలర్‌నిబట్టే ఎంచుకోవాలి. జీ54 జీరో (బ్లాక్ మీద కొలతలు మొదలయ్యే పాయింట్) సెట్ చేశాక జెడ్ (నిలువు దిశ) పైకెత్తి గాల్లో ఓసారి సింగిల్ బ్లాక్‌లో, అంటే ప్రోగ్రామ్‌ని ఒక్కో లైనుగా, నడిపించి చూడండి, ఇది మాత్రం అస్సలు మానొద్దు. కటింగ్ అయ్యాక అంచుల మీద మిగిలే పదును పొరకలు, అంటే బర్, తీసి, పార్ట్ చల్లారనిచ్చి, అప్పుడు మైక్రోమీటర్ పెట్టండి.