మలేరియా తేలినా డెంగీ పరీక్ష ఆపకండి

పాడేరు ఏజెన్సీలో వానలు పడ్డాయంటే పీహెచ్‌సీకి వచ్చేవన్నీ జ్వరాలే. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు చెప్పేది ఒకటే: మలేరియా కిట్‌లో ఫాల్సిపారం (ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా) గీత కనబడగానే పని అయిపోయిందనుకోకండి. మలేరియా దోమ అనాఫిలిస్, డెంగీ, చికున్‌గున్యాల దోమ ఈడిస్. రెండూ ఒకే మనిషిని కుట్టడానికి అడ్డేముంది?

జ్వరం ఎన్నో రోజో ముందు తేల్చుకోండి. "నాలుగు రోజులైంది" అంటే అక్కడితో ఆగకుండా, సంతకు ముందా తర్వాతా అని అడగండి, లెక్క కుదురుతుంది. మొదటి ఐదు రోజుల్లో అయితే డెంగీకి ఎన్‌ఎస్‌1 (వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో పుట్టే యాంటీబాడీని పట్టే పరీక్ష). కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోతుంటే చికున్‌గున్యా ఐజీఎం కూడా రాయించండి. అది మొదటి రోజుల్లో దొరకదు. కార్డు టెస్టు ఎలా వచ్చినా శాంపిల్ ఎలైజా అనే నిర్ధారణ పరీక్షకు పంపండి.

మలేరియాకు కిట్‌తో పాటు స్లైడు (గాజుపలక మీద రక్తం పూత) తీయాల్సిందే. మందపు పూత వేశాక కింద న్యూస్‌పేపరు పెట్టి చూడండి, అక్షరాలు లీలగా కనబడాలి. కనబడలేదంటే రక్తం ఎక్కువైనట్టు, రంగు వేసేటప్పుడు ఊడిపోతుంది. మిథనాల్ పల్చటి పూతకే, మందపుదానికి తగలనివ్వొద్దు. మైక్రోస్కోపులో కనీసం 100 ఫీల్డులు చూడందే నెగెటివ్ రాయకండి.

మలేరియా, డెంగీ రెండూ పాజిటివ్ వచ్చినా రెండూ ఇప్పటివే కాకపోవచ్చు. కిట్‌లో ఫాల్సిపారం ప్రొటీన్‌ను చూపే హెచ్‌ఆర్‌పీ2 గీత మందులు వాడి తగ్గాక కూడా వారాల తరబడి వస్తుంది. డెంగీ ఐజీఎం రెండు మూడు నెలలు ఉండిపోతుంది. స్లైడులో పరాన్నజీవి కనబడి, ఎన్‌ఎస్‌1 కూడా పాజిటివ్ అయితే గట్టిగా చెప్పొచ్చు.

ప్లేట్‌లెట్లు రెండింట్లోనూ పడిపోతాయి, వాటితో ఏదీ తేలదు. నన్ను భయపెట్టేది పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం. డెంగీలో ప్లాస్మా (రక్తంలోని ద్రవం) నాళాల్లోంచి కారిపోతే అది పెరుగుతుంది, మలేరియా ఎర్రకణాలను పగలగొట్టి తగ్గిస్తుంది. రెండూ కలిస్తే అంకె మామూలుగానే ఉండొచ్చు, మనిషి మాత్రం జారిపోతుంటాడు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, వీటిలో ఏది కనబడినా రిపోర్టు కోసం చూడకుండా డాక్టరుగారికి చెప్పండి. సెలైన్ సంగతి ఆయనే చూడాలి. డెంగీలో అది ప్రాణం నిలబెడుతుంది, ముదిరిన మలేరియాలో ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

డెంగీ కాదని తేలేవరకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, పారాసిటమాల్ చాలు. ఫాల్సిపారం మందు మాత్రం డెంగీ రిపోర్టు కోసం ఆపకూడదు, అదే రోజు మొదలవ్వాలి. మూడు రోజుల మందు అయ్యాక కూడా జ్వరం దిగకపోతే స్లైడు మళ్లీ తీయండి, డెంగీ శాంపిల్ కూడా మళ్లీ పంపండి.