జర్మన్ క్రియ వోనెన్ పుట్టుక ఎలా తవ్వాలి

జర్మన్ మొదలుపెట్టగానే తగిలే క్రియల్లో వోనెన్ ఒకటి, అర్థం నివసించడం. దీని మూలం వెతకాలంటే ముందు ఇల్లు, గోడలు, అద్దె అన్నీ బుర్రలోంచి తీసేయండి. మొదట్లో ఈ మాటలో ఇల్లే లేదు.

తర్వాత పాత రూపాలు పోగుచేయండి. గ్రిమ్ సోదరులు మొదలుపెట్టిన నిఘంటువు (మొదటి సంపుటం 1854లో వచ్చింది, మొత్తం పూర్తయ్యేసరికి 1961) నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్లూగె అనే పండితుడి వ్యుత్పత్తి నిఘంటువు (మాటల పుట్టుక చెప్పేది) కూడా మంచిదే, కాకపోతే అది 1883 నుంచి మళ్ళీ మళ్ళీ దిద్దుతూ వచ్చిన పుస్తకం కాబట్టి కొత్త ముద్రణే చూడండి. అప్పుడు మీ చేతిలో ఇవి ఉంటాయి: పాత హై జర్మన్ (నేటి జర్మన్‌కి పూర్వరూపం) వొనేన్, పాత ఇంగ్లీషు వునియన్, పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) ఉన. నార్స్‌లో 'వ' ఏమైందని టెన్షన్ పడకండి, ఆ భాషలో ఉ, ఒ ముందు 'వ' పడిపోతుంది, ఇంగ్లీషు వుల్ఫ్ అక్కడ ఉల్ఫ్ర్ అయినట్టే.

అసలు మజా అర్థాలు పక్కపక్కన పెట్టినప్పుడు. నార్స్ ఉన అంటే తృప్తిగా ఉండడం. జర్మన్‌కి చుట్టమైన, ఇప్పుడు అంతరించిన గోతిక్ భాషలో ఉన్‌వునన్డ్స్ అంటే దిగులుగా ఉన్నవాడు, అందులో మొదటి 'ఉన్' కాదు అని చెప్పేది, అంటే మిగిలిన ముక్కలో ఉన్నది సంతోషమే! పాత ఇంగ్లీషు వునియన్‌కి ఉండడం, అలవాటు పడడం రెండూ అర్థాలే. అలవాటు అనే జర్మన్ మాట గెవోన్‌హైట్ కూడా ఈ కుటుంబమే. నచ్చింది, మనసు కుదిరింది, అలవాటైంది, అక్కడే ఉండిపోయాం. నాకైతే ఈ క్రమం చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది.

ఇక జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు, నార్స్, గోతిక్‌ల భాషా కుటుంబం) దాటి వెనక్కి వెళ్తే, కోరుకోవడం అనే అర్థమున్న వెన్ అనే ధాతువు దగ్గర తేలుతారు. లాటిన్‌లో ప్రేమ దేవత పేరు వీనస్ దాన్నుంచే వచ్చింది, ఇంగ్లీషు విష్ కూడా. మనం తెలుగులో వాడే వాంఛ సంస్కృతం ద్వారా వచ్చిన దాని చుట్టమే.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. నివాసం, వాసం అన్న మాటల్లోనూ 'వ' ఉంది, అర్థమూ అదే కదా అని వాటిని వోనెన్‌కి కట్టేయాలనిపిస్తుంది. కానీ వాటి ధాతువు వస్, అందులో 'స' ఉంది, 'న' కాదు. దాని బంధువులు ఇంగ్లీషు వాజ్ (was), అదే పని చేసే జర్మన్ గెవేజెన్. పైకి ఒకేలా వినిపించడం చాలదు, ప్రతి అక్షరానికీ లెక్క కుదరాలి.

చేయి తిరిగాక ఇదే పద్ధతిలో బావెన్ అనే మరో జర్మన్ క్రియ పట్టండి. ఇప్పుడు దాని అర్థం కట్టడం, ఒకప్పుడు నివసించడం. వెనక్కి వెళ్తే భూ ధాతువు తగులుతుంది, మన భవనం కూడా అక్కడిదే.