దివ్యాంగ పిల్లల్ని బడిలో చేర్చుకోం అంటే చట్టం సాయం ఎలా తీసుకోవాలి?

మా అబ్బాయికి ఆటిజం. వాడి చదువు కోసం తిరిగిన తిరుగుడులో నేర్చుకున్నదాంతో ఇప్పుడు కోనసీమలో తెలిసినవాళ్లకి అర్జీలు రాసిపెడుతున్నాను. దాదాపు అందరూ ఒకే చోట పొరపాటు చేస్తున్నారు.

ముందు కాగితాలు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పేది), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), పుట్టిన తేదీ పత్రం, ఆధార్, డాక్టరు రిపోర్టులు. మూడేసి జిరాక్సులు తీసి ఫైల్లో పెట్టండి. సదరం లేకపోతే గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగి పరీక్షకి స్లాట్ తీసుకోండి. అందులో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ కింద 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. దగ్గర్లోని బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది మీ ఇష్టం. శాతం తక్కువ వచ్చినా టెన్షన్ పడొద్దు. అదే చట్టం 16వ సెక్షన్‌కి ఆ షరతు లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలనీ అది చెబుతోంది.

ఇక అర్జీ. అందరూ దెబ్బతినేది ఇక్కడే.

“చేర్చుకోం” అని బడివాళ్లు కాగితం మీద రాసివ్వరు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, “వేరే బడి చూసుకోండి మేడమ్, బాబుకే మంచిది” అంటారు. మనం కళ్లు తుడుచుకుని వచ్చేస్తాం. తర్వాత ఫిర్యాదు చేస్తే, “వాళ్లసలు అర్జీయే పెట్టలేదండీ” అంటారు. నాకు అదే జరిగింది. చూపించడానికి నా దగ్గర చిన్న చీటీ కూడా లేదు. వాడికి ఒక ఏడాది పోయింది.

రాజోలు వైపు నుంచి ఒకాయన మూడు పేజీల ఉత్తరం తెచ్చారు. “తమరు దయతలచి మా పాపను” అని మొదలవుతుంది. చదువుతుంటే ఏడుపొచ్చింది గానీ, ఏ తరగతిలో చేరాలో లేదు, తేదీ లేదు. దాన్ని పక్కన పెట్టి తొమ్మిది లైన్లు రాసిచ్చాను. పాప పేరు, వయసు, తరగతి, సదరం నంబరు, 16వ సెక్షన్, కావలసిన సర్దుబాట్లు: ముందు బెంచీలో చోటు, పరీక్షలో అదనపు సమయం, నోట్సు రాసుకోవడానికి సాయం. చివర్లో “చేర్చుకోకపోతే కారణాలు 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపగలరు.” 15 రోజులు నేను పెట్టే గడువే, చట్టంలోది కాదు. దయ అన్న మాట అర్జీలో ఎక్కడా ఉండకూడదు.

చేత్తోనే రాయండి, ఒక్క పేజీయే. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద బడి స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. “అక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం” అంటే పెట్టి రావద్దు. స్టాంపు వేయకపోతే గొడవ పడకుండా అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, డెలివరీ అయినట్టు చూపే ప్రింటు ఫైల్లో దాచండి. వాట్సాప్ మెసేజ్‌ని నమ్ముకోవద్దు.

ముందే లాయరు నోటీసు ఇప్పిద్దామంటారు కొందరు. వద్దు. అది చూడగానే యాజమాన్యం బిగుసుకుపోతుంది, రేపు మన బిడ్డ కూర్చోవలసింది ఆ బడిలోనే. ఎమ్మెల్యే గారితో చెప్పించడమూ అంతే. సిఫార్సుతో వచ్చిన సీటు సిఫార్సు ఉన్నన్నాళ్లే.

జవాబు రాకపోతే స్టాంపు పడిన కాపీ జతచేసి ఎంఈఓకి (మండల విద్యాధికారి), డీఈఓకి (జిల్లా విద్యాధికారి) ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి నంబరు తీసుకోండి.

అప్పటికీ కదలకపోతే లాయరు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకీ, వైకల్యం ఉన్నవాళ్లకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరు జిల్లా కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థలు, అమలాపురం, నరసాపురం లాంటి కోర్టున్న ఊళ్లలో మండల కమిటీలు ఉన్నాయి. ఫోన్ 15100. దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కైతే లాయరు లేకుండా మీరే రాసుకోవచ్చు. ఆయనకి మనుషుల్ని పిలిపించే, కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫార్సును ఒప్పుకోని అధికారి మూడు నెలల్లోపు కారణం చెప్పాలి, మీకు కూడా.

సీటు వచ్చాక ఫైలు పారేయకండి. పదో తరగతి పరీక్షలో అదనపు సమయానికీ, రాసిపెట్టే మనిషికీ మళ్లీ అవే కాగితాలు అడుగుతారు. గోదావరి లంకల్లో ఉండేవాళ్లు వరదలకి ముందే ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటకెక్కించండి.