నీటి అడుగున ఫొటోగ్రఫీ – నాలుగో పాఠం: లెన్సు ఎంపిక పడవ ఎక్కకముందే

కిందటి పాఠంలో నీరు ఎరుపు రంగును ఎలా మింగేస్తుందో, స్ట్రోబు, అంటే నీటిలో వాడే ఫ్లాష్, దాన్ని ఎలా తిరిగి తెస్తుందో చూశాం. అభ్యాసం చేసినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. మూరెడు దూరంలోని పగడం రంగులతో నిండుగా వచ్చింది. రెండు బారల దూరంలోని చేపల గుంపు మాత్రం నీలంగా, పాలిపోయి వచ్చింది. ఆ తేడాకు కారణం మధ్యలో ఉన్న నీరే. కాబట్టి మనకూ ఆ జీవికీ మధ్య ఎంత నీరు ఉండబోతోందో ముందుగా తేల్చుకుంటే లెన్సు ఏదో దానంతట అదే తేలుతుంది.

నేల మీద ఫొటోలు తీసి వచ్చినవారికి ఇక్కడే పాత అలవాటు అడ్డుపడుతుంది. పక్షి దూరంగా ఉంటే 300 మి.మీ. లెన్సు తగిలిస్తాం. నీటిలో అదే పని చేస్తే చేపతోపాటు మధ్యలోని నలకలూ, మసకా కూడా ఫొటోలోకి వస్తాయి. స్ట్రోబు వెలుగు అంత దూరం చేరదు. అందుకే డైవింగుకు పనికొచ్చే లెన్సులు దాదాపు రెండు చివరల్లోనే ఉన్నాయి. పెద్దవాటికి బాగా దగ్గరగా వెళ్లి కూడా మొత్తం పట్టగలిగే వెడల్పు లెన్సులు ఒక చివర, వేలెడంత ప్రాణులను పట్టే మాక్రో లెన్సులు మరో చివర. మధ్యలోని 50 మి.మీ. లాంటివి కొనమని నేను ఎవరికీ చెప్పను. ఇంకో మాట: హౌసింగ్, అంటే కెమెరాకు నీరు తగలకుండా కాపాడే పెట్టె, మూసి నీటిలో దిగాక లోపలి లెన్సును మార్చే దారి లేదు.

నేను మిల్లీమీటర్ల కన్నా ముందు మన పాత కొలతలు నేర్పుతాను, ఎందుకంటే అవి శరీరంతోపాటే నీటిలోకి వస్తాయి. బెత్తెడు నుంచి జానెడు దూరంలో చిన్న ప్రాణి ఉంటే మాక్రో. జానెడు నుంచి మూరెడు దూరంలో పగడపు గుట్టో తాబేలో ఉంటే ఫిష్‌ఐ, అంటే అన్నిటికన్నా వెడల్పుగా చూసే లెన్సు. మూరెడు నుంచి బారెడు వరకు, పెద్ద చేపలకు, తోటి డైవర్లకు, మునిగిన ఓడలకు 16–35 మి.మీ. లాంటి వెడల్పు జూమ్. బారెడు దాటితే ఫొటో ఆశ వదులుకుని కళ్లారా చూడండి.

ఫిష్‌ఐ గీతలను వంచేస్తుందని భయపడేవారు ఉన్నారు. భవనాలు తీసేటప్పుడు ఆ భయం సరైనదే. పగడాల దిబ్బలో తిన్నని గీత ఎక్కడుంది? మునిగిన ఓడ స్తంభాల దగ్గర, ఫ్రేము అంచున సాగిపోయే తోటి డైవరు కాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్తపడండి.

ఇక లెన్సుతో సమానంగా ఆలోచించాల్సింది దాని ముందుండే గాజు కిటికీ, అంటే పోర్టు. నీటి వక్రీభవన గుణకం 1.33. చదును పోర్టు వెనుక నుంచి చూస్తే వస్తువులు మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. 60 మి.మీ. లెన్సు చూపు 80 మి.మీ. లెన్సు చూపులా ఇరుకవుతుంది. మాక్రోకు ఇది నష్టం కాదు, అందుకే మాక్రోకు చదును పోర్టే వాడతాం. వెడల్పు లెన్సుకు మాత్రం అది గుదిబండ. చదును గాజు వెనుక ఏ లెన్సు పెట్టినా నీటిలో చూపు 97 డిగ్రీలు దాటదు. అంతకన్నా ముందే మూలలు చెదిరి, అంచుల్లో రంగులు విడిపోతాయి.

గోపురంలా వంగిన డోమ్ పోర్టు ఆ కోణాన్ని తిరిగి ఇస్తుంది. కాకపోతే కెమెరా చూసేది అసలు చేపను కాదు, గోపురం ముందు ఏర్పడే మిథ్యా ప్రతిబింబాన్ని. ఎంతో దూరంలోని వస్తువు ప్రతిబింబం కూడా గోపురం ఉపరితలం నుంచి దాని వ్యాసార్ధానికి సుమారు మూడు రెట్ల దూరంలోనే ఏర్పడుతుంది. నాలుగు అంగుళాల వ్యాసమున్న డోమ్‌కు అది జానెడు కన్నా తక్కువ, 15 సెం.మీ. ఎనిమిది అంగుళాల దానికి 30 సెం.మీ. కాబట్టి దగ్గరగా ఫోకస్ కాని లెన్సు ఎంత ఖరీదైనదైనా డోమ్ వెనుక పనికిరాదు. ఫిష్‌ఐకి చిన్న డోమ్ చాలు. జూమ్‌కు పెద్దది కావాలి, మూలలు స్పష్టంగా రావాలంటే ఎపర్చరును, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11 దాకా మూయాలి. పెద్ద డోమ్ నీటిలో పైకి తేలుతూ కెమెరా ముక్కును ఎత్తేస్తుంది. గంట డైవు చివరికి మణికట్టు నొప్పి పుడుతుంది.

విశాఖ నుంచి ఓడలో వెళ్లగలిగిన అండమాన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 2018 దాకా హేవ్‌లాక్ అనే పేరున్న స్వరాజ్ ద్వీపంలో నీమో రీఫ్ అనే చోట ఒడ్డు నుంచే దిగవచ్చు. అక్కడ సీ అనిమోన్‌లో, అంటే వేళ్ల లాంటి స్పర్శకాలున్న సముద్ర జీవిలో, క్లౌన్ చేప ఉందనుకోండి, పొడవు 8 సెం.మీ. ఫిష్‌ఐతో మీటరు దూరం నుంచి తీస్తే ఫ్రేము కర్ణంలో అది నలభయ్యో వంతు, నారింజ చుక్క. నాలుగు అంగుళాల డోమ్‌ను బెత్తెడు దూరానికి తెస్తే ఐదో వంతు అవుతుంది, వెనుక నీలి నీరూ, పైన సూర్యుడూ కూడా పడతాయి. మొదట చేప అనిమోన్ వేళ్లలోకి దూరిపోతుంది. కదలకుండా పది శ్వాసలు ఆగండి. అదే బయటికి వచ్చి గోపురం ఎదుట నిలబడుతుంది. ఆ పది శ్వాసల్లో మీ మోకాలు పగడానికి తగిలితే ఆ ఫొటో వద్దు. తేలుడు మీద పట్టు రానివారు ఈ పాఠాన్ని ఇంకొన్నాళ్లు పక్కన పెట్టండి.

అదే చేపకు 100 మి.మీ. మాక్రో పెడితే కంటి చుట్టూ ఉన్న వలయం కూడా వస్తుంది, నీలి నీరు రాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో మాక్రోతో ప్రాణి సెన్సారు మీద దాని అసలు పరిమాణంలోనే పడేలా తీస్తే ఫ్రేములో పట్టే వెడల్పు 36 మి.మీ. మాత్రమే. చిటికెన వేలంత న్యూడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త) దాన్ని నింపేస్తుంది. తెలియని చోట మొదటి డైవుకు నేను మాక్రో తీసుకుంటాను, నీరు మురికిగా ఉన్నా బెత్తెడు దూరంలో అది అడ్డు కాదు. అదే ద్వీపం దగ్గరున్న జానీస్ గార్జ్ లాంటి లోతైన, చేపల గుంపులుండే చోటికైతే వెడల్పు లెన్సే.

చిన్న కెమెరా ఉన్నవారికి పోర్టు మీద నీటిలోనే తగిలించి తీయగలిగే వెట్ లెన్సు ఉంది, ఒకే డైవులో రెండు చూపులూ దొరుకుతాయి. తగిలించేటప్పుడు రెండు గాజుల మధ్య బుడగ మిగలకూడదు. నేను ఒకసారి చూసుకోలేదు. ముప్పై ఫొటోల్లోనూ ఒకే చోట, కుడి పై మూలన, బఠాణీ గింజంత మెరిసే మచ్చ. అప్పటినుంచి లెన్సును నీటిలోనే ఒకసారి విప్పి, వేలితో గాజు తుడిచి, మళ్లీ బిగిస్తాను.

అభ్యాసం: బకెట్ నిండా నీళ్లు పోసి అడుగున రూపాయి బిళ్ల వేయండి. చదును అడుగున్న గాజు గ్లాసును నీళ్లు లోపలికి రాకుండా సగం దాకా ముంచి, దానిలోంచి చూడండి. తర్వాత అడుగు గుండ్రంగా ఉన్న గాజు గిన్నెను అలాగే ముంచి చూడండి. బిళ్ల దేనిలో పెద్దదిగా ఉంది, దేనిలో బకెట్ గోడలు ఎక్కువ కనిపించాయి? ఫోనుతో రెండు ఫొటోలూ తీసి ఉంచుకోండి. ఐదో పాఠంలో స్ట్రోబులను డోమ్‌కు ఎంత వెనుకగా పెట్టాలో ఆ రెండో ఫొటో దగ్గరే మొదలుపెడతాం.