జర్మనీ ఇంట్లో మన గోదావరి అలవాట్లు: కొత్తగా వెళ్ళేవాళ్ళకి

సెలవుకి అమలాపురం దగ్గర మా ఊరొచ్చి వారమైంది. పొద్దున్నే అమ్మ నాలుగు బిందెల నీళ్ళు గుమ్మరించి అరుగు కడుగుతుంటే, జర్మనీలో నా మొదటి అద్దె ఇల్లు గుర్తొచ్చింది. అక్టోబరు సెమిస్టరుకి ఇటునుంచి వెళ్ళే పిల్లలు అడుగుతున్నారు కదా అని రాస్తున్నానండి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ మన తాతముత్తాతలు కాలవగట్ల మీదే బతికారు. శుభ్రం అంటే మనకి నీళ్ళు పొయ్యడమే. అక్కడ శుభ్రం అంటే పొడిగా ఉంచడం. చాలా బాత్రూముల్లో నేల మీద నీళ్ళు పోవడానికి తూమే ఉండదు. నేను ఆ సంగతి చూసుకోకుండా ఫినాయిలు వేసి బకెట్లతో కడిగేశాను. గంటలో కింది వాటా పెద్దావిడ తలుపు కొట్టింది. వెళ్ళి చూస్తే ఆవిడ సీలింగ్ మీద విస్తరాకంత మరక! బాగుచేయించిన ఖర్చు నా నెత్తినే పడింది. ఇలాంటి నష్టాలకి హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ అని ఒక బీమా ఉంది, ఏడాదికి 100 యూరోల లోపే దొరుకుతుంది. వెళ్ళిన వారంలోనే తీసుకోండి.

ఇంతకన్నా పెద్ద తలనొప్పి ఆవిరి. మన ఇళ్ళలో పెంకుల సందుల్లోంచి దానంతటదే పోతుంది. అక్కడ కిటికీ మూస్తే చీమ దూరే సందుండదు. చలికాలంలో అన్నీ బిగించుకుని, చారు మరిగించి, తడిబట్టలు గదిలోనే ఆరేస్తే ఆ తడంతా చల్లటి గోడకి పట్టి, మంచం వెనక నల్లగా బూజు పడుతుంది. రోజుకి రెండు మూడుసార్లు హీటర్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, 5 నుంచి 10 నిమిషాలు వదిలేయండి. దీన్నే లుఫ్టెన్ అంటారు. చలి అని బద్ధకించకండి. అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా ఉంటుంది, గోడ పాడైతే అందులోంచే కోస్తారు.

మిక్సీకి టెన్షన్ లేదు. అక్కడా 230 వోల్టులే, ప్లగ్గుకి అడాప్టర్ ఉంటే చాలు. రాత్రి 10 దాటాక మాత్రం చప్పుడు చెయ్యకూడదు, పెసరట్టు పిండి జోలికి వెళ్ళకండి. ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, పాలూ కూరలూ శనివారమే తెచ్చుకోవాలి. చెత్త డబ్బాల రంగులు ఊరికో తీరు, పక్కింటివాళ్ళని అడగండి. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పారేయొద్దు. కొట్లో మిషన్‌లో వేస్తే, కొన్నప్పుడు సీసాకి డిపాజిట్టుగా కట్టిన 25 సెంట్లు తిరిగొస్తాయి.

సామాన్ల సంగతి: నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి లోపలికి రానివ్వరు. పచ్చి కరివేపాకుకి మొక్కల తనిఖీ సర్టిఫికెట్ కావాలి. కొబ్బరికాయకీ అరటిపండుకీ అక్కర్లేదు. కోనసీమవాళ్ళెవరో దగ్గరుండి రాయించినట్టుంది ఆ రూలు! ఎండురొయ్యలు కూడా ఫర్వాలేదు.

వాటిని వేయించేటప్పుడు మాత్రం కిటికీ ముందే తెరవండి. నేను మొదటిసారి వేయించిన రోజు కింది పెద్దావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కు మూసుకుని.